కాక్ పౌచ్ వేయించుకున్నాక: ట్యూబు, టైము, తిండి, ప్రయాణం

#1 కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. మా మరిదికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. పెద్దపేగు తీసేసి జే-పౌచ్ (చిన్నపేగుతో సంచి చేసి మలద్వారానికి కలపడం) పెట్టారు, అది నిలవలేదు. ఇప్పుడు స్వీడన్‌లో కాక్ పౌచ్ వేశారు, అంటే బయట బ్యాగు తగిలించక్కర్లేని ఇలియాస్టమీ (చిన్నపేగు కొసను పొట్టమీద చేసిన రంధ్రానికి కలపడం, ఆ రంధ్రమే స్టోమా). ఆపరేషన్‌లో పెట్టిన ట్యూబు ఈమధ్యే తీశారు. ఇక రోజూ తనే ట్యూబు పెట్టుకుని ఖాళీ చేసుకోవాలి. మే నెలలో నరసరావుపేట వస్తున్నాడు. ఇక్కడ తెలిసినవాళ్లను అడిగితే "స్టోమా అంటున్నారు, మరి బ్యాగేదమ్మా?" అని తిరిగి మమ్మల్నే అడుగుతున్నారు. వంట నాది కాబట్టి తిండి సంగతి వివరంగా చెప్పండి. ట్యూబు లోపలికి పోకపోతే ఏం చెయ్యాలి, ఇక్కడ ట్యూబు దొరుకుతుందా అన్నవి కూడా.

#2 స్టోమాసిస్టర్
కృష్ణాతీరం గారూ, లోపల ఏం కట్టారో తెలిస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి. చిన్నపేగు చివరి భాగం సుమారు 45 సెం.మీ. మడిచి కుట్టి సంచి చేస్తారు. సంచినుంచి చర్మం దాకా వచ్చే పేగును, చొక్కా చెయ్యి లోపలికి తోసినట్టు, సంచిలోకే దూర్చి సుమారు 5 సెం.మీ. పొడవున్న వాల్వ్ తయారుచేస్తారు. సంచి నిండేకొద్దీ ఆ ఒత్తిడే వాల్వ్‌ను నొక్కి మూస్తుంది. అందుకే బ్యాగు అక్కర్లేదు. స్టోమా కూడా మామూలు ఇలియాస్టమీలా బయటికి పొడుచుకు రాదు. చర్మంతో సమానంగా, పొత్తికడుపులో బాగా కిందికి, కుడిపక్క ఉంటుంది.

గోటెన్‌బర్గ్ సర్జన్ నిల్స్ కాక్ దీన్ని 1969లో లోకానికి చెప్పాడు. మొదట్లో వాల్వ్ లేదు, కొన్నేళ్ల తర్వాత చేర్చాడు. 1980 ప్రాంతంలో జే-పౌచ్ వచ్చాక ఇది వెనకబడింది. మన దగ్గర చాలామంది డాక్టర్లకు ఇది పుస్తకంలో చదివిన ఆపరేషనే, కాబట్టి "బ్యాగేది?" అన్నారని నొచ్చుకోవద్దు. అమెరికాలో బార్నెట్ అనే సర్జన్ మార్చిన రకాన్ని బీసీఐఆర్ అంటారు. అందులో వాల్వ్ చుట్టూ పేగుతోనే ఒక పట్టీ ఉంటుంది. రోజువారీ వాడకం రెండింటికీ దాదాపు ఒకటే.

టైము దగ్గరికొస్తే, కొత్తలో సంచిలో పట్టేది 100 మి.లీ. లోపే. నెలలు గడిచేకొద్దీ 500 మి.లీ., ఆ పైన కూడా పడుతుంది. దానంతటది సాగాలి, మనం సాగదీయకూడదు. సాధారణంగా ఇచ్చే పద్ధతి: మొదటి వారం పగలు 2 గంటలకోసారి ఖాళీ చేయడం, రాత్రి ట్యూబు లోపలే ఉంచి డ్రైనేజీ బ్యాగుకు కలపడం. తర్వాత వారానికో గంట చొప్పున పెంచుతూ 5–6 గంటల దగ్గర ఆగడం. చివరికి రోజుకు 3–4 సార్లు సరిపోతుంది, రాత్రి లేవక్కర్లేదు. ఆస్పత్రిని బట్టి లెక్క మారుతుంది. స్వీడిష్ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్పించి తెమ్మనండి. అందులో ఉన్నదానికి, ఇక్కడ మేం చెప్పేదానికి తేడా వస్తే ఆ కాగితానిదే పైమాట.

ఫోన్లో అలారం తప్పనిసరి. "నిండినట్టనిపిస్తే చూద్దాంలే" అనేది కొత్తలో పనికిరాదు. ఆ తెలివిడి మెల్లగా వస్తుంది, ఈలోగా వాల్వ్ మొదలు మీద బరువు పడుతుంది.

#3 పౌచ్‌వాసి
ట్యూబు పెట్టే పద్ధతి రాస్తున్నా.

చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, గ్లౌజులు అక్కర్లేదు. ఇది శుభ్రంగా చేసే పనేగానీ ఆపరేషన్ థియేటర్ పని కాదు. ట్యూబు కొనకు ఓ 5 సెం.మీ. మేర నీళ్లలో కరిగే జెల్లీ పూయాలి. వ్యాసలీన్, కొబ్బరినూనె వద్దు. ఒక పట్టాన కడిగితే వదలవు, రబ్బరు ట్యూబయితే పాడుచేస్తాయి కూడా.

కమోడ్ మీద బాగా వెనక్కి జరిగి కూర్చోవాలి, లేదా దానికి ఎదురుగా నిలబడాలి. ట్యూబు బయటి కొన స్టోమా కంటే కనీసం 30 సెం.మీ. కిందికి వేలాడాలి. ఎత్తు తేడా లేకపోతే ధార రాదు. కొనను మెల్లగా లోపలికి పంపితే 5 సెం.మీ. దగ్గర అడ్డు తగులుతుంది. అదే వాల్వ్. చాలామంది కంగారుపడి గట్టిగా తోసేది అక్కడే. తోయకండి. గట్టిగా ఊపిరి పీల్చి, వదులుతున్నప్పుడు పొట్ట కండరాలు వదులవుతాయి. ఆ క్షణంలో ట్యూబును వేళ్ల మధ్య కొద్దిగా తిప్పుతూ ముందుకు పంపాలి. జారిపోతుంది. ముందు గాలి వస్తుంది, వెంటనే ద్రవం. అక్కణ్నుంచి ఇంకో 2–3 సెం.మీ. పంపితే ట్యూబు పక్క రంధ్రాలన్నీ సంచిలోకి చేరతాయి. అది సరైన లోతు. ఆ లోతులో చర్మం దగ్గర ట్యూబు మీద చెరగని మార్కర్‌తో గీత గీసుకోండి. తర్వాత ఎప్పుడైనా గీత ఎక్కువ బయటే ఉండిపోతుంటే ఏదో మారిందని తెలుస్తుంది.

ఖాళీ కావడానికి 5–10 నిమిషాలు. ధార ఆగినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. దగ్గండి, ముందుకు వంగండి, కుడిపక్క పొట్టను అరచేత్తో నొక్కండి. చాలాసార్లు మళ్లీ వస్తుంది. అయిపోయాక బయటి కొనను వేలితో నొక్కిపట్టి తీస్తే బట్టలమీద చుక్క పడదు.

ట్యూబును అప్పటికప్పుడే కడగాలి. ఎండితే రంధ్రాల్లో పేరుకుపోతుంది. స్టోమా మీద చిన్న గాజ్ ప్యాడ్ పెట్టి మైక్రోపోర్ టేపు. ప్యాడ్‌కు కాస్త జిగురు అంటుతుంది, అది స్టోమా పొరనుంచి వచ్చే మ్యూకస్. లీకేజీ అనుకుని బెదరొద్దు. ట్యూబు కొనకు ఎప్పుడైనా చిన్న రక్తపు చార కనిపించినా అంతే. ధారగా వస్తే మాత్రం సర్జన్‌కు చెప్పాల్సిందే.

#4 రాజమండ్రి_రవి
ట్యూబును రోజూ మరిగించాలా? డెట్టాల్‌లో నానబెడితే?

#5 స్టోమాసిస్టర్
రెండూ వద్దు. మరిగిస్తే ప్లాస్టిక్ ట్యూబు ఆకారం పోతుంది. డెట్టాల్ ఏమాత్రం మిగిలినా లోపలి పొర మండుతుంది. సబ్బు, నీళ్లు, నీడలో ఆరబెట్టడం, పొడి జిప్ కవరు. అంతే. ట్యూబు బిరుసెక్కినా, పగుళ్లొచ్చినా, రంధ్రాల అంచు వేలికి గరుకుగా తగిలినా పారేయండి. ఆ గరుకు అంచు వాల్వ్‌ను రోజుకు నాలుగుసార్లు గీరుతుంది.

#6 పత్యంవంట
తిండి గురించి. ముందు ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్లో ఇలియాస్టమీ డైట్ అని దొరికేదంతా బ్యాగు ఉన్నవాళ్లకు రాసింది. బ్యాగువాళ్లకు మలం చిక్కగా ఉంటే సుఖం. కాక్ పౌచ్‌కు అలా కాదు, అది సన్నటి ట్యూబులోంచి జారాలి. 28 ఫ్రెంచ్ (ట్యూబు లావు చెప్పే సైజు) ట్యూబంటే బయటి కొలత 9.3 మి.మీ., లోపలి దారి ఇంకా తక్కువ. కాబట్టి పల్చటి గంజికీ ఇడ్లీపిండికీ మధ్యలో ఉండాలి. అరటిపండు, సగ్గుబియ్యం, మెత్తటి అన్నం, పెరుగు చిక్కబరుస్తాయి. మంచివే, కానీ ఒకే పూట అన్నీ కలిస్తే రాత్రి ట్యూబుతో కుస్తీ తప్పదు.

మొదటి మూడు నెలలు పీచు తక్కువ. తెల్లన్నం, ఇడ్లీ, పెసరపప్పు, తొక్క తీసి ఉడికించిన సొరకాయ, బీరకాయ, గుమ్మడి, బంగాళదుంప, గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన చికెన్, మజ్జిగ. తర్వాత కొత్తవి ఒక్కోటి, రెండుమూడు రోజుల ఎడంతో. ఒకేరోజు మూడు కొత్త కూరలు పెడితే ఏది ఇబ్బంది పెట్టిందో తేలదు.

ఆ తర్వాత కూడా జాగ్రత్త పడాల్సినవి: పుట్టగొడుగులు, మొక్కజొన్న, పచ్చికొబ్బరి, పల్లీలు, పచ్చి క్యాబేజీ, కమలా తొనల మీది పొర, జామ గింజలు, టమాటా తొక్క, తోటకూర కాడలు. ములక్కాడ గుజ్జు పర్లేదు, పీచు ఉమ్మేయాలి. ఇక మనవాళ్లు మరిచిపోయేది తాలింపు. కరివేపాకు నమలకుండా మింగితే అరక్కుండా ఆకు ఆకులాగే వస్తుంది, ట్యూబు రంధ్రానికి సరిగ్గా బిళ్లలా అతుక్కుంటుంది. ఎండుమిరప తొక్క, శనగపప్పు పలుకూ అంతే. తాలింపు మానక్కర్లేదు. నూనెలో వేయించి, గరిటెతో వడకట్టి ఆ నూనె మాత్రం కూరలో పోయండి. రుచి నూనెలోకి దిగిపోయే ఉంటుంది. చింతపండు రసం కూడా వడకట్టాకే.

ఆవకాయ అడుగుతారని తెలుసు. ముక్క, టెంక వద్దు. ఊట, పిండి అన్నంలో కలుపుకోవచ్చు, అదీ మూడు నెలలు దాటాక. గోంగూర మెత్తగా ఉడికించి రుబ్బి పెడితే చాలామందికి పడుతుంది.

బీట్‌రూట్ తింటే ఎర్రగా, ఐరన్ మాత్ర వేస్తే నల్లగా వస్తుంది. హడలిపోకండి.

#7 మిల్పిటాస్_మురళి
పత్యంవంట గారు చెప్పిన "కుస్తీ"కి విరుగుడు. చిక్కబడితే ద్రాక్షరసం అర గ్లాసు తాగితే కొన్ని గంటల్లో పల్చబడుతుంది, ఇది కాక్ పౌచ్‌వాళ్లలో పాత చిట్కా. ప్రూన్ రసమూ పనిచేస్తుంది. అప్పటికప్పుడు కావాలంటే ట్యూబు లోపల ఉండగానే సిరంజితో 30–50 మి.లీ. గోరువెచ్చటి నీళ్లు మెల్లగా పంపి, పొట్టను తడిమి, దగ్గి వదిలేయాలి. పంపినంతా తిరిగి వచ్చిందో లేదో చూసుకుని, కావాలంటే ఇంకోసారి.

ట్యూబుకే అడ్డుపడితే వరుస ఇది: ముందు బయట ఉన్న ట్యూబును వేళ్లతో పిసకండి. వదలకపోతే తీసి, కడిగి, మళ్లీ పెట్టండి. నాలుగైదుసార్లు తీసిపెట్టినా ఫర్వాలేదు, మూసుకున్న ట్యూబుతో నిమిషాల తరబడి పోరాడటం కన్నా అది మేలు. సిరంజితో గట్టిగా లాగడం మాత్రం చేయకండి. లోపలి పొర రంధ్రాల్లోకి పీల్చుకుపోయి ఒరుసుకుపోతుంది.

సిరంజి కొనేటప్పుడు 50 మి.లీ. కాథెటర్ టిప్ అని అడగండి, ముక్కు ట్యూబుతో ఆహారం ఇచ్చేవాళ్లు వాడేదే. మామూలు సిరంజి మూతి సన్నం, ట్యూబులో నిలవదు. మన దగ్గర పంపే నీళ్లు తాగేవే వాడండి. కుళాయి నీళ్ల మీద నమ్మకం లేకపోతే కాచి చల్లార్చినవి.

#8 కృష్ణాతీరం
చాలా ఉపయోగం. మేలో ఇక్కడ ఎండలు మీకు తెలుసు కదా, రెంటచింతల మా పక్కనే. నీళ్లు బాగా తాగిస్తే సరిపోతుందా?

#9 జీఐ_రెసిడెంట్
సరిపోదు, ఒట్టి నీళ్లు ఎక్కువైతే నష్టం కూడా. పెద్దపేగు లేనివాళ్లకు నీళ్లతోపాటు ఉప్పును తిరిగి పీల్చుకునే చోటు పోయినట్టే. చిన్నపేగులోకి ఉప్పు లేని నీళ్లు చేరితే పేగు తన సోడియాన్ని అందులోకి వదులుతుంది, అదంతా బయటికి పోతుంది. లీటర్లకు లీటర్లు నీళ్లు తాగుతూనే డీహైడ్రేషన్‌తో వచ్చే పేషెంట్లు ఇలా తయారయ్యేవాళ్లే.

మామూలు రోజుల్లో అన్నీ కలిపి 2–3 లీటర్ల ద్రవాలు, అందులో కొంత ఉప్పుతో. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు వేసిన గంజి మనకున్న మంచి మార్గాలు. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగుంటుంది, సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు కలిపితే పనికొస్తాయి. ఎండలో తిరిగిన రోజు ఓఆర్ఎస్ ఒక లీటరు అదనంగా. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా పొడి 20.5 గ్రాముల పాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకు. దాన్ని గ్లాసు నీళ్లలో కలిపి తాగడం మన దగ్గర మామూలు పొరపాటు, అలా చేస్తే విరేచనం పెరుగుతుంది. పేరులో ఓఆర్ఎస్ అని ధ్వనించే తియ్యటి డబ్బా పానీయాలూ అంతే. ఇంట్లో చేసుకోవాలంటే ఇలియాస్టమీవాళ్లకు లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రి పేరుతో ఉన్న ద్రావణం: లీటరు నీళ్లకు గ్లూకోజ్ 20 గ్రా., ఉప్పు 3.5 గ్రా., వంటసోడా 2.5 గ్రా. చెంచాలతో కాదు, తూకంతో. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులుంటే ముందు డాక్టర్ని అడగాలి.

గుర్తులు: మూత్రం ముదురు పసుపు, పిక్కలు పట్టేయడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. అనుమానం ఉంటే మూత్రంలో సోడియం పరీక్ష చేయించండి. లీటరుకు 20 మిల్లీమోల్‌ల కంటే తక్కువుంటే ఒంట్లో ఉప్పు అడుగంటినట్టు. రక్తంలో సోడియం మామూలుగా కనిపిస్తున్నప్పుడే ఇది పట్టిస్తుంది.

నిర్జల ఉపవాసాలు, రోజాలు ఈ ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. తినకపోయినా సంచిలో మ్యూకస్, గాలి చేరుతూనే ఉంటాయి. ఖాళీ చేయడం మానకూడదు.

#10 పల్నాటిపిల్ల
ఇక్కడ ఏ ట్యూబు దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో 24 సైజు ఫోలీ కాథెటర్ (మూత్రం కోసం వేసే, కొన దగ్గర బెలూన్ ఉండే ట్యూబు) ఏ మెడికల్ షాపులోనైనా ఉంటుంది. అది పెట్టి బెలూన్ ఊదితే రాత్రంతా జారకుండా ఉంటుంది కదా, ఖర్చూ తక్కువ.

#11 జీఐ_రెసిడెంట్
బెలూన్ ఊదొద్దండీ. మంచం మీద పక్కకు దొర్లినప్పుడు ఆ బెలూన్ వాల్వ్‌ను లోపలినుంచి బయటికి లాగుతుంది. ఈ ఆపరేషన్‌లో బలహీనమైన చోటు సరిగ్గా అదే. లోపలికి మడిచిన పేగు మళ్లీ విప్పుకుపోవడమే అన్నిటికంటే తరచుగా రెండో ఆపరేషన్ దాకా తీసుకెళ్లే సమస్య. ట్యూబు రాత్రి ఉంచాల్సొస్తే చర్మానికి టేపుతో అంటించాలి.

ఫోలీ అసలు పనికిరాదని కాదు. బెలూన్‌కు వేరే దారి ఉండటంతో లోపలి రంధ్రం సన్నం, రోజూ వాడితే మూసుకుపోతుంటుంది. కానీ మామూలు ట్యూబు పోనప్పుడు 14–16 సైజు మెత్తటి ఫోలీ, బెలూన్ ఊదకుండా, ఆపద్ధర్మంగా పనికొస్తుంది. ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబు 16 అంటే 5.3 మి.మీ., పల్చటి ద్రవం తప్ప రాదు. ఛాతీకి వేసే ఐసీడీ ట్యూబు సైజు సరిపోతుందిగానీ బిరుసు, దాన్ని ఇంట్లో వాడొద్దు. సర్జికల్ షాపుల్లో ఫ్లేటస్ ట్యూబు లేదా రెక్టల్ కాథెటర్ అని అడిగితే లావు సైజుల్లో మెత్తటివి దొరకొచ్చు. కొన్నాక రంధ్రాల అంచులు వేలితో తడిమి చూడండి.

అన్నిటికంటే మంచిది అక్కడ వాడుతున్న బ్రాండు ట్యూబులే, మెడేనా అయినా మార్లెన్ అయినా, సెలవులకు సరిపడా కంటే రెండు ఎక్కువ తెచ్చుకోవడం. ఇక్కడ వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

#12 పౌచ్‌వాసి
ట్యూబు పోకపోతే ఏం చెయ్యాలన్నది మొదటి పోస్టులోనే అడిగారు. చాలాసార్లు కారణం చిన్నదే: సంచి మరీ నిండిపోవడం, కంగారుతో పొట్ట బిగపట్టడం, జెల్లీ సరిపోకపోవడం, కోణం తప్పడం.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు కొద్దిగా మడవండి. ట్యూబు తీసి ఇంకాస్త జెల్లీ పూయండి. 10–15 నిమిషాలు ఏమీ చేయకుండా ఊపిరి మీదే ధ్యాస పెట్టండి. గోరువెచ్చటి నీళ్లతో స్నానం కూడా బాగా వదులుచేస్తుంది. తర్వాత కోణం మార్చి ప్రయత్నం: కొందరికి నేరుగా వెన్నువైపు, కొందరికి కొంచెం కుడివైపు వంచితే పోతుంది. ఎవరి కోణం వాళ్లది, బాగున్న రోజుల్లోనే దాన్ని గమనించి రాసిపెట్టుకోవాలి. అప్పటికీ పోకపోతే సన్నటి మెత్తటి ట్యూబు. అది దిగితే తీయొద్దు! టేపుతో అంటించి, బ్యాగుకు కలిపి, అలాగే డాక్టర్ దగ్గరికి.

అదీ దిగకపోతే తినడం, తాగడం ఆపేసి ఆస్పత్రికి బయల్దేరాలి. నొప్పి, ఉబ్బరం, వాంతి వచ్చేదాకా చూడొద్దు. ఇంట్లో పొడుచుకుంటూ పోతే వాల్వ్ పక్కనుంచి దొంగదారి పడుతుంది, లేదా సంచికే చిల్లు పడుతుంది. విరేచనాల మందు, ఎనిమా ఎవరు చెప్పినా వద్దు.

#13 జీఐ_రెసిడెంట్
పై పోస్టును ప్రింట్ తీసి పెట్టుకోవచ్చు. ఆస్పత్రివాళ్లకు ఉపయోగపడేది నేను కలుపుతా. క్యాజువాలిటీలో చూసేవాళ్లు చేసే మొదటి పని స్టోమా మీద బ్యాగు అంటించి "వస్తుందేమో చూద్దాం" అనడం. రాదు, వాల్వ్ మూసే ఉంటుంది. చేయాల్సింది: సన్నటి ఫ్లెక్సిబుల్ ఎండోస్కోప్‌తో వాల్వ్ దారి చూసి లోపలికి వెళ్లడం, గైడ్‌వైర్ వదలడం, దాని మీదుగా మెత్తటి ట్యూబు ఎక్కించడం, కారణం తేలేదాకా ఆ ట్యూబును అక్కడే ఉంచడం. ఎండోస్కోపీ చేసే గ్యాస్ట్రో డాక్టర్ ఉన్నచోటికే వెళ్లండి. నరసరావుపేటలో దిగిన మొదటి వారంలోనే గుంటూరులోనో విజయవాడలోనో ఒకరిని కలిసి, కాగితాలు చూపించి, నంబరు తీసుకోండి. అర్ధరాత్రి పరిచయాలు చేసుకునే పని ఉండదు.

పర్సులో ఒక కార్డు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ: "నాకు కంటినెంట్ ఇలియాస్టమీ (కాక్ పౌచ్) ఉంది. పెద్దపేగు లేదు. బయట బ్యాగు ఉండదు. పొత్తికడుపు కుడివైపున్న స్టోమాలోంచి 28 ఫ్రెంచ్ ట్యూబుతో 4–6 గంటలకోసారి సంచి ఖాళీ చేయాలి. నేను స్పృహలో లేకపోతే ట్యూబు పెట్టి అలాగే ఉంచండి. బెలూన్ ఊదవద్దు. ఎనిమా, విరేచనాల మందు ఇవ్వవద్దు." కింద సర్జన్ ఫోన్ నంబరు, ట్యూబు ఎంత లోతుకు వెళ్తుందో ఆ సెంటీమీటర్లు.

#14 సిరి_డాలస్
నెలల తరబడి బాగానే ఉండి, ఇప్పుడు ప్యాడ్ తడుస్తోందంటే ఏమనుకోవాలి? మ్యూకస్ కాదు, మలమే.

#15 జీఐ_రెసిడెంట్
రెండు ప్రశ్నలు అడగాలి. ట్యూబు పెట్టడం కూడా కష్టమైందా? మలం పల్చబడి ఎక్కువైందా?

మొదటిదానికి అవునంటే వాల్వ్ జారిందేమోనని చూడాలి. లీకేజీ, ట్యూబు పోకపోవడం రెండూ కలిసి రావడం దాని ముద్ర. చాలావరకు తొలి ఏడాదిలోనే జరుగుతుంది. పౌచోస్కోపీ (సంచి లోపలికి ఎండోస్కోప్ పంపి చూడటం), కాంట్రాస్ట్ ఎక్స్‌రే చేస్తే తేలుతుంది. మందులతో సరయ్యేది కాదు, వాల్వ్‌ను మళ్లీ కట్టాలి. లీకవుతూ ట్యూబు మాత్రం సులువుగానే పోతుంటే ఫిస్టులా (పేగుకు పక్కనుంచి పడ్డ దొంగదారి) ఉందేమో చూస్తారు. ట్యూబు చర్మం దగ్గరే బిగుతుగా పట్టేసి, దాటాక హాయిగా పోతుంటే అది స్టోమా మూతి సన్నబడటం. చిన్న సవరణతో సరిపోవచ్చు.

రెండోదానికి అవునంటే పౌచైటిస్, అంటే సంచి లోపలి పొర వాపు. నీళ్లలా ఎక్కువసార్లు, దుర్వాసన, మెలిపెట్టే నొప్పి, ఒక్కోసారి జ్వరం, రక్తం. కొలైటిస్‌తో ఆపరేషన్ అయినవాళ్లకు ఇది ఎక్కువ. సాధారణంగా మెట్రోనిడజోల్ లేదా సిప్రోఫ్లాక్సాసిన్ రెండు వారాల దాకా ఇస్తారు, చాలామందికి రెండుమూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. తేడా రాకపోతే అదే మందు పొడిగించుకుంటూ పోవద్దు. సీ-డిఫిసిల్ (యాంటీబయోటిక్స్ వాడాక పేగులో పెరిగే బ్యాక్టీరియా) పరీక్ష, పౌచోస్కోపీ చేయించాలి. ఇది తేలకుండా లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) వేసి ఆపేయడం తెలివైన పని కాదు. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం వద్దు. ఎక్కువకాలం వాడితే అరికాళ్లు తిమ్మిరెక్కొచ్చు, అలా ఉంటే వెంటనే చెప్పాలి.

#16 స్టోమాసిస్టర్
మందుల దగ్గర ఇంకో రెండు మాటలు. నెమ్మదిగా కరిగే మాత్రలు, పేగులో కరిగేలా పూత వేసినవి కరగకుండానే సంచిలోకి వచ్చేయొచ్చు. ట్యూబులో మాత్ర కనిపిస్తే మందు ఒంటికి పట్టనట్టే. మామూలు మాత్రో సిరప్పో రాయమనండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సంచికి పడవు, పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి.

బీ12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివర్లోనే. ఆ భాగాన్నే సంచి చేశారు కాబట్టి ఏడాదికోసారి రక్తపరీక్ష. శాకాహారులైతే అసలు మరవొద్దు.

#17 మిల్పిటాస్_మురళి
ప్రయాణం. ట్యూబులన్నీ చేతిబ్యాగులోనే, చెక్-ఇన్‌లో ఒక్కటి కూడా పెట్టొద్దు. అందులోనూ రెండు ట్యూబులు రెండు వేర్వేరు బ్యాగుల్లో. జెల్లీ 100 మి.లీ. లోపు ట్యూబు. డాక్టర్ లెటర్ ఒకటి పైనే ఉండాలి. సెక్యూరిటీలో ప్యాడ్ తడిమినప్పుడు నోటితో వివరించే కంటే కాగితం చూపించడం తేలిక. విమానంలో పైకెళ్తే గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ఎక్కే ముందు ఖాళీ, దిగే ముందు మళ్లీ. అలారం ఫోన్ గడియారంతో పాటు టైమ్ జోన్ మార్చేసుకుంటుంది. కౌంట్‌డౌన్ టైమర్ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

కిట్: ట్యూబులు 2, జెల్లీ, సిరంజి, అర లీటరు నీళ్ల సీసా, గాజ్, టేపు, టిష్యూ, తడి ట్యూబు వేసుకోవడానికి నల్ల కవరు.

#18 స్టోమాసిస్టర్
ఇండియాలో అసలు సమస్య నేల మరుగుదొడ్డి. గొంతుక్కూర్చుంటే ట్యూబుకు ఎత్తు ఉండదు, పొట్ట మడతపడి కోణం పోతుంది. నిలబడి, ఒక లీటరు మగ్గులోకి వదిలి అది పారబోయడమే మార్గం. ఆ మగ్గు వేరుగా ఉంచాలి. రైల్లో అయితే నిలబడటం కష్టం కాబట్టి వెస్టర్న్ టాయిలెట్ ఉన్న వైపు బెర్తు చూసుకోవాలి, బండి స్టేషన్ వదిలి స్థిరపడ్డాక వెళ్లాలి.

బట్టలకు ఇబ్బంది తక్కువ. స్టోమా బాగా కిందికి ఉంటుంది కాబట్టి లుంగీ ముడి, లంగా బొందు, ప్యాంటు బెల్టు దానికి పైనే వస్తాయి. కారు సీటుబెల్టు మాత్రం సరిగ్గా దాని మీదే పడుతుంది. కొత్తలో మడిచిన చిన్న తువ్వాలు మధ్యలో పెట్టుకోవచ్చు, బెల్టు మానేయొద్దు. బరువులు: సర్జన్ వదిలేదాకా 4–5 కిలోలకు మించి ఎత్తొద్దు. గ్యాస్ బండ జరపడం, బిందె ఎత్తడం, సూట్‌కేసు పైబెర్తుకు తోయడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఈత కొట్టొచ్చు, గాయం పూర్తిగా మానాక. పొట్టకు దెబ్బ తగిలే ఆటలు, కబడ్డీ లాంటివి వద్దు.

#19 కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. కార్డు, ప్రింట్ రెండూ చేస్తున్నాం, గుంటూరులో డాక్టర్ని కూడా వెతుకుతున్నాం. ఒక్క చివరి ప్రశ్న, నవ్వకండి. వచ్చేది మామిడికాయల కాలం. మామిడికాయ పప్పు పెట్టొచ్చా? ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతున్నాడు.

#20 పత్యంవంట
పెట్టండి. కందిపప్పు మెత్తగా ఉడికించి గుత్తితో ఎనపండి. కాయ తొక్క తీసేసి, టెంక పడని లేత కాయ కాకుండా కండ పట్టిన కాయ చూసుకుని, ముక్కలు విడిగా ఉడికించి జల్లెడలో రుద్దండి. పీచు పైన మిగిలిపోతుంది, గుజ్జు పప్పులో కలపండి. పచ్చిమిర్చి చీల్చి వేసి తినేముందు తీసేయండి. తాలింపు నూనె వడకట్టే పోయాలి. మొదటిరోజు మధ్యాహ్నం పూటే, రెండు గరిటెలు. రాత్రికి వద్దు, ఎలా దిగుతుందో పగలు చూసుకుంటే మేలు.

#21 మిల్పిటాస్_మురళి
ద్రాక్షరసం ఒక సీసా ఫ్రిజ్‌లో పెట్టుకోండి మరి.